పుస్తకం బదులు నా మొహం చదివిన పాప: అన్ని సబ్జెక్టుల్లో వెనకబడిన రెండో తరగతి పిల్ల కేస్

ఒక్క పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని విడిగా చెప్పే ట్యూషన్‌లోనే బాగా ముదిరే సమస్య ఒకటుంది, పెద్ద క్లాసులో దానికి అంత చోటు దొరకదు. ఈ కేస్‌లో అది చాలా స్పష్టంగా కనపడింది కాబట్టి రాస్తున్నా. గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను, కొన్ని మార్చేశాను, అందుకే పాప అనే అంటాను.

నేపథ్యం

పాపకి ఏడేళ్ళు, రెండో తరగతి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీష్ మీడియం. నా దగ్గరికి వచ్చేసరికే ఏడాదికి పైగా వేరే చోట విడిగా ట్యూషన్ చెప్పించుకుంటోంది. అన్ని సబ్జెక్టులూ ఒకే టీచర్, రోజూ గంటన్నర, తెలుగు, ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్ వరసగా. వాళ్ళమ్మ మొదటి రోజు చెప్పిన మాట ఇది: "ట్యూషన్‌లో అన్నీ చేసేస్తుందండీ, స్కూల్లో పేపర్ ఇస్తే మాత్రం సగం ఖాళీగా ఇచ్చేసి వస్తుంది." వాళ్ళ నాన్నగారేమో కాన్సంట్రేషన్ లేదు అన్నారు. స్కూల్ నుంచి వచ్చిన మాట, అన్నిట్లో స్లో అని. కళ్ళు, చెవులు అంతకుముందే చూపించారు, రెండూ బాగానే ఉన్నాయి. ఇది నేను ప్రతి పిల్ల విషయంలోనూ ముందే అడుగుతాను, ఎందుకంటే బోర్డు కనపడని పిల్లకి గుణింతాలు ఎన్నిసార్లు రాయించినా ఉపయోగం లేదు కదా.

మొదట్లో ఏం కనపడింది

తెలుగులో అక్షరాలు, గుణింతాలు వచ్చు, ఒత్తులొస్తే ఆగిపోతుంది, ప, వ తడబడుతుంది. ఇంగ్లీష్‌లో మూడక్షరాల పదాలు కూడబలుక్కుని చదువుతుంది, అంతకన్నా పెద్ద పదమైతే మొదటి అక్షరం చూసి, పక్కనున్న బొమ్మ చూసి ఏదో ఒకటి అనేస్తుంది, హార్స్ ఉన్నచోట హౌస్ అన్నమాట. లెక్కల్లో కూడికలు వేళ్ళ మీద వచ్చు, అప్పు తెచ్చుకునే తీసివేతలు రావు. 52 లోంచి 28 తీసెయ్యమంటే 36 రాస్తుంది, అంటే కింద పైన చూడకుండా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తోంది, ఎనిమిదిలోంచి రెండు, అయిదులోంచి రెండు. ఈ వయసులో చాలామంది చేసే తప్పే ఇది. సైన్స్ జవాబులు బట్టీ.

ఇక్కడ చాలా తేలికైన దారి ఒకటుంది, నాలుగు సబ్జెక్టుల్లో నాలుగు లోపాలు రాసుకుని నాలుగు రకాల వర్క్‌షీట్లు ఇవ్వడం. పాత టీచర్ చేసింది అదే, తప్పు పట్టడానికేం లేదు. కానీ నాకు వాళ్ళమ్మ మాట దగ్గరే ముల్లు గుచ్చుకుంది. రాకపోతే ట్యూషన్‌లో కూడా రాకూడదు. ట్యూషన్‌లో వచ్చింది స్కూల్లో పోతోందంటే రెండే కారణాలు తోచాయి, ఒకటి పరీక్ష అంటే భయం, రెండోది ట్యూషన్‌లో వచ్చింది అని మనమనుకుంటున్నది నిజానికి రాకపోవడం. భయం అయితే ఇంట్లో వాళ్ళమ్మ ఇచ్చిన పేపర్ బాగా రాయాలి. అడిగాను. ఎవరూ పక్కన లేకపోతే ఇంట్లో కూడా ఖాళీలే అన్నారు. దాంతో రెండో దాని వైపు మొగ్గాను.

అనుమానం నిజమో కాదో చూడటం

ఒక మాటల లెక్క ఇచ్చాను. "రాము దగ్గర 12 పెన్సిళ్ళున్నాయి, అవి సీత దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" ఎక్కువ అన్న మాట వినగానే పదిహేడు అంది. నేనేం అనలేదు, కొంచెం తల పక్కకి వంచానేమో, వెంటనే "కాదు కాదు, ఏడు" అంది. ఎవరైనా చూస్తే పిల్ల తన తప్పు తనే దిద్దుకుందనుకుంటారు. కానీ ఎందుకు ఏడు అని అడిగితే చెప్పలేదు. ఆలోచిస్తే అక్కడున్నవే రెండు దారులు, కలపడం లేదా తీసెయ్యడం, మొదటిది కాదని నా మొహంలో తెలిసిపోతే మిగిలింది చెప్పేస్తే సరిపోతుంది, లెక్క అర్థం కావక్కర్లేదు.

ఆ తర్వాత కావాలనే సరైన జవాబు చెప్పినప్పుడు "అవునా?" అన్నాను. మార్చేసింది. తెలుగు పదం సరిగ్గా చదివాక అదే చేశాను, మార్చేసింది. సైన్స్‌లో మొక్కకి నీళ్ళు దేంతో అందుతాయి అంటే వేర్లు అని సరిగ్గా చెప్పింది, నేను ఊరికే చూస్తూ ఉన్నానంతే, ఆకులు అంది. ఇంకొకటి, ఒకే రకం లెక్కలు నాకు ఎదురుగా కూర్చుని చేస్తే పదికి ఏడెనిమిది ఒప్పు, నేను లేచి వెళ్ళి కిటికీ దగ్గర వెనక్కి తిరిగి నిలబడితే సగం కూడా రాలేదు, కొన్ని మొదలే పెట్టలేదు. ఇలాంటి పరీక్షలు ఎక్కువ చెయ్యకూడదు, పిల్లని మోసం చేసినట్టవుతుంది, అనుమానం తీరేదాకా చేసి ఆపెయ్యాలి.

బెర్లిన్‌లో క్లెవర్ హాన్స్ అని ఒక గుర్రం ఉండేది, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, యజమాని లెక్క అడిగితే గిట్టతో అన్నిసార్లు నేలమీద కొట్టి జవాబు చెప్పేది. 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే సైకాలజిస్ట్ తేల్చిందేంటంటే, అడిగేవాడికే జవాబు తెలియకపోయినా, అడిగేవాడు గుర్రానికి కనపడకపోయినా దానికి లెక్క వచ్చేది కాదు. సరైన అంకె దగ్గరికి రాగానే మనిషి తలలో, ఒంట్లో వచ్చే చిన్న కదలిక చూసి అది ఆపేసేది, ఆ మనిషికి తను కదిలినట్టే తెలియదు. ఇందులో మోసం ఎవరిదీ లేదు, గుర్రానిదీ కాదు యజమానిదీ కాదు. మా పాప దగ్గర కూడా అంతే. ఏడాది పాటు మంచి టీచర్ ఎదురుగా కూర్చుని, ప్రేమగా చూస్తూ, ప్రతి మెట్టు దగ్గరా కళ్ళతోనే సాయం చేస్తే, ఏడేళ్ళ పిల్ల ఆ కళ్ళు చదవడం నేర్చుకుంటుంది. తెలివి లేక చేసిన పని కాదది, చాలా తెలివైన పని, తెలివి పుస్తకం మీద కాకుండా మనుషుల మీద పెట్టిందంతే.

కాబట్టి నేను రాసుకున్న సమస్య ఇది: ఈ పిల్లకి తన జవాబు ఒప్పో తప్పో తెలుసుకోవడానికి పక్కన పెద్దవాళ్ళు తప్ప ఇంకో ఆధారం లేదు. నాలుగు సబ్జెక్టుల్లోనూ అదే.

పని చెయ్యనివి

స్టార్లు. పాత ట్యూషన్ నుంచి ఉన్న అలవాటు, ఒప్పు జవాబుకి ఒక స్టార్, వాళ్ళమ్మ అడిగితే కొన్నాళ్ళు ఉంచాను. ఉత్సాహం పెరిగింది, దాంతో పాటు నా మొహం మీద నిఘా కూడా పెరిగింది. ఒప్పుకి బహుమతి ఉంటే ఒప్పు ఎక్కడ తెలుస్తుందో అక్కడికే కదా చూపు వెళ్ళేది. తీసేశాం.

ఎక్కువ ప్రాక్టీస్. తీసివేతలు రోజూ ఇస్తే నా ముందు దాదాపు తప్పుల్లేకుండా చేసేది, స్కూల్లో మళ్ళీ 36. ఇది అనుకున్నదే, కానీ తల్లిదండ్రులకి నోటితో చెప్తే నమ్మరు, రెండు పేపర్లు పక్కపక్కన పెట్టి చూపిస్తే నమ్మారు. ఆ రెండు పేపర్లూ తర్వాత నా మాట వినడానికి చాలా పనికొచ్చాయి.

మూడోది నేను బాగా ఆశ పెట్టుకున్నది, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా కూర్చోవడం. సూచన ఆపేస్తే అలవాటు పోతుంది అన్నది లెక్క. పోలేదు, పెరిగింది. ప్రతి అంకెకీ "రైటేనా టీచర్?" అని అడగడం మొదలెట్టింది, జవాబు రాకపోతే నా చెయ్యి రబ్బరు వైపు వెళ్తోందా అని చూసేది, నేను ఊపిరి గట్టిగా వదిలితే పెన్సిల్ ఆపేసేది, ఒకసారి ఏడుపే వచ్చేసింది. ఇక్కడ మళ్ళీ ఆ గుర్రం కథే, ఫుంగ్‌స్ట్‌కి రహస్యం తెలిశాక కూడా తన సైగలు తను ఆపుకోవడం కుదరలేదట, మనకేం కుదురుతుంది. అంతకన్నా ముఖ్యం, ఉన్న ఒక్క ఆధారాన్ని లాగేసి దాని స్థానంలో ఏమీ ఇవ్వలేదు, పిల్ల దేన్ని పట్టుకుంటుంది? ఇక్కడి నుంచి ఆలోచన మారింది. నా మొహం దాచడం ఆపి, నా మొహం కన్నా నమ్మకమైనది ఇంకేదైనా ఆమె చేతికి ఇవ్వాలి అనుకున్నాను.

సైన్స్‌తో ఎందుకు మొదలెట్టాను

తల్లిదండ్రులకి కావాల్సింది లెక్కలు, ఇంగ్లీష్. నేను సైన్స్ ముందు పెడతాను అంటే వాళ్ళ నాన్నగారికి నచ్చలేదు, "అది చివర్లో చూసుకోవచ్చు కదండీ" అన్నారు. నా లాజిక్ ఏంటంటే, లెక్కలోగానీ స్పెల్లింగ్‌లోగానీ ఒప్పు తప్పు చెప్పేది మనిషే అని పాప గట్టిగా నమ్మేసింది, కానీ నీళ్ళలో వేసిన వస్తువు మునుగుతుందో తేలుతుందో చెప్పడానికి టీచర్ అక్కర్లేదు. ఆ వస్తువు ఎవరి మొహమూ చూడదు.

బకెట్లో నీళ్ళు, ఇనప మేకు, చెక్క ముక్క, స్టీలు గిన్నె, బంకమన్ను. రూల్ ఒక్కటే, వెయ్యకముందు ఏమవుతుందో బొమ్మ గీసి పెట్టాలి, గీశాక మార్చకూడదు. మొదట్లో గీసేముందు కూడా నన్నే చూసేది, "నాకూ సరిగ్గా తెలీదమ్మా, వేసి చూద్దాం" అనేదాన్ని. స్టీలు గిన్నె మునుగుతుందని గీసింది, ఎందుకంటే మేకు మునిగింది కాబట్టి. గిన్నె తేలింది. నన్ను చూసింది, నేను బకెట్ వైపు చూశాను, ఆమె కూడా మళ్ళీ బకెట్ వైపే చూసింది. తర్వాత బంకమన్ను ఉండ మునిగింది, అదే మన్నుని పడవలా చేస్తే తేలింది, అప్పుడు తనంతట తనే "బరువు అంతే ఉంది కదా, మరి?" అంది. ఆ "మరి" నాతో అన్న మాట కాదు, మన్నుతో అన్నది. ఈ ట్యూషన్ మొత్తంలో నేను ఎదురుచూసిన మొదటి ప్రశ్న అది.

తప్పు గీసినా ఏమీ కాదు, తప్పు అయినప్పుడే ఎక్కువ మాట్లాడుకుంటాం, ఇది ఆమెకి అలవాటవ్వడానికి కొన్ని వారాలు పట్టింది. దీన్ని తొందరపెట్టలేదు.

లెక్కల్లోకి తీసుకురావడం

బకెట్ చేసిన పని లెక్కల్లో ఎవరు చెయ్యాలి? రెండు పెట్టాను. ఒకటి పుల్లల కట్టలు, పది పుల్లలకో రబ్బరు బ్యాండు. 52 అంటే అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు. 28 తియ్యాలంటే విడి పుల్లలు చాలవు, ఒక కట్ట విప్పక తప్పదు, విప్పితే పన్నెండు, అందులోంచి ఎనిమిది పోతే నాలుగు, మిగిలిన నాలుగు కట్టల్లోంచి రెండు పోతే రెండు, 24. అప్పు తేవడం అన్న మాట వాడనేలేదు, ఆ వయసు పిల్లలకి కట్ట విప్పడం అర్థమైనంతగా అప్పు తేవడం అర్థం కాదని నా అనుభవం.

రెండోది తిరగేసి కలపడం. 36 వచ్చిందా, సరే, దానికి 28 కలుపు. 64. మనం మొదలెట్టింది 52. అయితే ఎక్కడో తేడా ఉంది. ఈ మాట నేననకముందే ఆ రెండు అంకెలు చెప్పేశాయి. ఇక్కడ జాగ్రత్తగా పెట్టుకున్న విషయం ఒకటి, తిరగేసి కలపమని తప్పు వచ్చినప్పుడు మాత్రమే చెప్తే అదే ఇంకో సైగ అయిపోతుంది, కాబట్టి ప్రతి తీసివేతకీ, ఒప్పుకీ తప్పుకీ, కలిపి చూడాల్సిందే. "ఎలా తెలుసు?" అన్న ప్రశ్న కూడా అంతే, సరైన జవాబుకి కూడా అడిగేదాన్ని. మొదట్లో అడగ్గానే జవాబు మార్చేసేది, కొన్నాళ్ళకి మార్చడం తగ్గింది, ఆ తర్వాత "కలిపి చూశాను" అని కొంచెం చిరాగ్గా అనేది. ఆ చిరాకు నాకు భలే నచ్చింది.

కూర్చునే చోటు కూడా మార్చాను, ఎదురుగా కాకుండా పక్కన, ఇద్దరం ఒకే వైపు, కాగితం వైపు. చిన్న మార్పే, కానీ నా మొహం చూడాలంటే తల బాగా తిప్పాలి, తిప్పినప్పుడు తనకే తెలుస్తుంది తిప్పానని. దీంతో పాటు ప్రశ్న అడిగాక ఆగడం. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో క్లాసురూముల్లో గమనించింది, టీచర్లు ప్రశ్న అడిగాక మామూలుగా ఒక సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని. ఒక్క పిల్లతో కూర్చున్నప్పుడు మూడు సెకన్ల మౌనం చాలా బరువుగా ఉంటుంది, ట్యూషన్ డబ్బులు తీసుకుని ఊరికే కూర్చున్నట్టు ఉంటుంది, అయినా ఆగాలి.

చదవడం, రాయడం

ఇది అన్నిటికన్నా నెమ్మదిగా కదిలింది. లెక్కకి పుల్లలున్నాయి, పదం చదివితే అది ఒప్పని చెప్పేదెవరు? రెండు ఆధారాలు దొరికాయి, ఒకటి అక్షరాలు, రెండోది వాక్యం అర్థం. "ద హౌస్ ఈట్స్ గ్రాస్" అని చదివితే ఆపకుండా వాక్యం చివరిదాకా వెళ్ళనిచ్చేదాన్ని, చివర్లో "ఇల్లు గడ్డి తింటుందా?" అని ఆమే నవ్వేది, వెనక్కి వెళ్ళి అక్షరాలు చూసేది. మధ్యలో ఆపి దిద్దితే ఆ వెనక్కి వెళ్ళే పని మనం చేసేసినట్టు. బొమ్మలున్న పేజీకి బొమ్మ మూసేసి ముందు చదివి, తర్వాత తెరిచి సరిచూసుకోమనేదాన్ని. బొమ్మ తియ్యక్కర్లేదు, చదివాక చూస్తే చాలు.

నా నోట్‌బుక్‌లో ఎన్ని తప్పులు చదివింది అన్నది రాయడం తగ్గించి, తనంతట తను ఎన్ని దిద్దుకుంది అన్నది రాయడం మొదలెట్టాను. తప్పుల లెక్క చాలాకాలం అలాగే ఉంది, దిద్దుకోవడం మాత్రం పెరుగుతూ వచ్చింది. మొదటి లెక్క ఒక్కటే చూసుంటే ఈ పద్ధతి మధ్యలోనే వదిలేసేదాన్ని.

స్పెల్లింగ్‌కి, ఒత్తులకి మామూలు పద్ధతే, చూడు, మూసెయ్యి, రాయి, తెరిచి పోల్చుకో. పోల్చడం ఆమె పని, ఎర్ర పెన్ను ఆమె చేతిలో. కొన్నిసార్లు నేను రాసి ఇచ్చేదాన్ని, అందులో తప్పులున్నాయో లేదో కూడా చెప్పకుండా. ఒకసారి అమ్మ అన్న పదంలో మ కి ఒత్తు తీసేసి అమ అని రాశాను, పట్టుకుంది, ఇంకోసారి ఒక్క తప్పు కూడా లేకుండా ఇస్తే చాలాసేపు వెతికి "ఇందులో ఏం లేవు" అంది. ఆ రెండోది పెద్ద విషయం, ఎందుకంటే పెద్దవాళ్ళు వెతకమన్నారంటే తప్పు ఉండే ఉంటుంది అన్న అంచనాని పక్కనపెట్టి కాగితాన్ని నమ్మింది.

ఇంట్లో వాళ్ళతో

వాళ్ళమ్మగారు హోంవర్క్ దగ్గర కూర్చుని "మళ్ళీ చూడు" అనేవారు, తప్పు ఉన్నప్పుడు మాత్రమే. నాన్నగారు తప్పు కనపడగానే రబ్బరు అందుకునేవారు. ఇద్దరికీ చెప్పింది రెండే ముక్కలు, మళ్ళీ చూడు అంటే అన్నిటికీ అనండి లేదా దేనికీ అనొద్దు, రబ్బరు పాప దగ్గరే ఉంచండి. తప్పులతో ఉన్న హోంవర్క్ స్కూలుకి పంపడం వాళ్ళకి చాలా కష్టమైంది, నేను అర్థం చేసుకోగలను, కానీ దిద్ది పంపిన హోంవర్క్ చూసి స్కూల్ టీచర్‌కి పిల్ల ఎక్కడుందో ఎలా తెలుస్తుంది. స్కూల్ టీచర్‌కి ఒక చీటీ రాయమన్నాను, ఈ హోంవర్క్ పాప సొంతంగా చేసిందే, తప్పులు దిద్దలేదు అని. ఆవిడ బానే తీసుకున్నారు.

జవాబు పక్కన మూడు గుర్తులు పెట్టించాను, ఖచ్చితం, సగం సగం, గుడ్డిగా. మొదట అన్నిటికీ గుడ్డిగా అని పెట్టింది. మెల్లగా తేడా వచ్చింది. గుడ్డిగా అని పెట్టిన చోట తప్పు ఉంటే నేను పొగిడేదాన్ని, తనకి రాదని తనకి సరిగ్గా తెలిసినందుకు.

ఎక్కడిదాకా వచ్చింది

స్కూల్ పేపర్లలో ముందు మారింది ఖాళీలు. మార్కులు పెద్దగా పెరగకముందే ఖాళీలు తగ్గాయి, తప్పో ఒప్పో రాసి వచ్చేది. లెక్కలు ఆ తర్వాత బాగా కదిలాయి, తీసివేతల పక్కన చిన్నగా కలిపి చూసుకున్న గుర్తులు పరీక్ష పేపర్లో కనపడ్డాయి. కొత్త పాఠం వచ్చినప్పుడల్లా పాత అలవాటు తిరిగొచ్చింది, గుణకారం మొదలెట్టినప్పుడు వారం పాటు మళ్ళీ నా మొహమే. అప్పుడు చేసింది ఒకటే, జవాబు కన్నా ముందు సరిచూసుకునే దారి నేర్పడం. మూడు నాలుగుల పన్నెండు అని చెప్పకముందే గళ్ళ కాగితం మీద మూడు వరసలు, నాలుగు గళ్ళు గీసి లెక్కపెట్టుకోవడం చూపించాను, వారంలో సర్దుకుంది.

చదవడం వేగం మాత్రం తన వయసుకి తగ్గట్టు రాలేదు. అర్థం లేని చిన్న చిన్న పదాలు తయారుచేసి చదివిస్తే చాలా తడబడింది, అంటే బొమ్మ, వాక్యం లాంటి ఊతం లేకపోతే అక్షరాల్ని శబ్దాలుగా కలపడమే కష్టంగా ఉంది. మొహం చదవడం అనే అలవాటు వెనక ఇది కూడా దాక్కుని ఉండొచ్చు, చదవడం కష్టమైన పిల్ల వేరే దారి వెతుక్కుంటుంది. డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో ప్రత్యేకంగా ఉండే ఇబ్బంది, ఉందో లేదో చెప్పడం నా పని కాదు, ట్యూటర్ చెప్పకూడదు కూడా, కాబట్టి చదివిన రికార్డులు, ఆ పదాల పేపర్లు ఒక ఫైల్‌లో పెట్టిచ్చి స్పెషలిస్ట్ దగ్గర అసెస్‌మెంట్ చేయించమన్నాను. అలవాటు పక్కకి జరిగాకే ఇది బయటపడింది, మొదటి నెలలో పరీక్ష పెట్టుంటే ఎదురుగా కూర్చున్న వాళ్ళ మొహం చూసి కొన్ని లాగేసేది.

ఏడాది చివర్లో తల్లిదండ్రులు గంటన్నరని రెండు గంటలు చేద్దామన్నారు, బాగా పనిచేస్తోంది కదా అని. నేను తగ్గిద్దామన్నాను. లెక్కలు, సైన్స్ ఆపేసి వారానికి రెండు రోజులు చదవడం మాత్రమే ఉంచాం, మిగతా రోజుల హోంవర్క్ పాప ఒక్కతే గదిలో చేసుకుని, గుర్తులు పెట్టి, అయిపోయాక తెచ్చి చూపిస్తుంది. అసెస్‌మెంట్ రిపోర్ట్ వచ్చాక ఆ రెండు రోజుల్లో ఏం చెయ్యాలో మళ్ళీ కూర్చుని నిర్ణయిద్దామనుకున్నాం.